టార్చి వేసి చూస్తే తప్పా?

మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. రెండు చలికాలాలు పక్కవాళ్ల ఇళ్ల ముందు మంచు ఎత్తి, ఎండాకాలంలో ఎదురింటివాళ్ల కుక్కని తిప్పి 240 డాలర్లు కూడబెట్టింది. ఎందుకంటే, కెమెరా కోసం. ఫోనులో ఉండేది కాదు, లెన్సు తీసి మార్చుకునే అసలు కెమెరా.

ఆ డబ్బుకి అలాంటి కొత్తది రాదు. అందుకని సెకండ్ హ్యాండ్‌ది వెతికాం. నన్నడిగితే, మొదటి కెమెరా సెకండ్ హ్యాండ్‌దే కొనాలి. నికాన్ డి3300 అని ఒకటుంది, 2014లో వచ్చింది. 24 మెగాపిక్సెళ్లు. కొత్త మోడళ్లు ఎన్ని వచ్చినా, దాంతో అప్పుడు ఎలాంటి ఫోటో తీశారో ఇప్పుడూ అలాంటి ఫోటోనే తీయొచ్చు. ఎవరో కొని, నాలుగు పుట్టినరోజులకి వాడి, బీరువాలో పెట్టేసిన కెమెరాలు ఎన్నో ఉన్నాయి. అవి మీలాంటివాళ్ల చేతికి రావడం మంచిదే.

షాపులో కొంటే ధర ఎక్కువ, కానీ బాగోకపోతే చాలా చోట్ల వెనక్కి ఇవ్వొచ్చు. ఒక మనిషి దగ్గర నేరుగా కొంటే ధర తక్కువ, కానీ డబ్బు చేతిలో పెట్టాక మామూలుగా ఇక అంతే. కాబట్టి చూడాల్సిందంతా డబ్బు ఇవ్వకముందే చూసుకోవాలి. ఇది అందరికీ తెలిసిందే. మాకూ తెలుసు. తెలిసీ మేం చూడలేదు. ఎందుకు చూడలేదో చెప్తాను.

అమ్మేవాళ్లు మన తెలుగువాళ్లే. మా ఊరికి అరగంట దూరంలో ఉంటారు. డి3300, దానితో వచ్చే 18-55 లెన్సు, కలిపి 220 డాలర్లు అన్నారు. వెళ్లేసరికి ఆంటీ జంతికలు, కాఫీ పెట్టారు. అంకుల్‌ది కాకినాడ. మా అత్తగారిదీ కాకినాడే. ఇంకేముంది, గంటసేపు కబుర్లు! కెమెరా మాట చివరి ఐదు నిమిషాల్లో వచ్చింది. అమ్మాయి రెండు ఫోటోలు తీసి చూసింది, వచ్చాయి. వాళ్ల నాన్న జేబులో చిన్న టార్చి ఉంది. నేను కళ్లతో సైగ చేశాను, తీయమని. ఆయన తీయలేదు. ఇంత మర్యాద చేసినవాళ్ల ముందు టార్చి వేసి చూస్తే, నమ్మలేదని అనుకోరూ?

దీన్నే మొహమాటం అంటారు. ఇంగ్లీషులో దీనికి సరిపోయే ఒక్క మాట నాకు ఇంతవరకూ దొరకలేదు. ఎదుటివాళ్లు ఏమనుకుంటారో అని, అడగాల్సింది అడగలేకపోవడం. మీ ఇంట్లో కూడా ఉండే ఉంటుంది, గమనించండి.

వారం తర్వాత అమ్మాయి సాయంత్రం ఎండకి ఎదురుగా ఫోటో తీస్తే అంతా పాలు పోసినట్టు తెల్లగా వచ్చింది. అప్పుడు టార్చి వేసి చూశాం. లెన్సు లోపల సన్నటి దారాల్లాంటి అల్లిక. అదే ఫంగస్. తెలుగులో బూజు. ఇంటి మూలల్లో పట్టేదాన్నీ, పాత ఊరగాయ మీద తెల్లగా పట్టేదాన్నీ కూడా మనం బూజు అనే అంటాం. లెన్సులోకి చూస్తే ఆ రెండూ గుర్తొచ్చాయి! కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో గాలిలో తేమ ఎక్కువ. తోలు సంచిలో మూసి, చీకట్లో ఏళ్ల తరబడి పెట్టేస్తే లెన్సుకి ఇలా అవుతుంది. మలేషియాలో, సింగపూర్‌లో ఉండేవాళ్లకి ఈ బాధ బాగా తెలుసు. అందుకే అక్కడ చాలామంది తేమ తీసేసే చిన్న బీరువాలో కెమెరాలు పెట్టుకుంటారు.

రిపేరు షాపులో అడిగితే, శుభ్రం చేయడానికి అయ్యే ఖర్చుతో అలాంటిదే ఇంకో లెన్సు వస్తుందన్నారు.

తమాషా ఏంటంటే, ఆ కెమెరాని చాలా తక్కువ వాడారు. కెమెరాలో షట్టర్ అని ఒక తెర ఉంటుంది. ఫోటో తీసినప్పుడల్లా అది తెరుచుకుని మూసుకుంటుంది. డి3300 షట్టర్‌ని కంపెనీ లక్షసార్లు నడిపి పరీక్షించింది. కారుకి మైళ్ల లెక్క ఉన్నట్టే నికాన్ ఫోటో ఫైల్లో ఈ లెక్క దాగి ఉంటుంది, కంప్యూటర్లో చూడొచ్చు. మాదానిలో 3,000 కూడా లేదు. దాన్ని చూసే మేం మురిసిపోయాం. కానీ తక్కువ వాడారంటే బాగా చూసుకున్నారని కాదు. రోజూ వాడే లెన్సుకి గాలీ వెలుతురూ తగులుతాయి. మూలన పెట్టినదానికే బూజు. అందుకే, "అసలు వాడనేలేదండీ" అని ఎవరైనా అంటే నేనిప్పుడు ఇంకొంచెం ఎక్కువ చూస్తాను.

ఏం చూడాలంటే, లెన్సు విప్పి ఒక వైపు నుంచి టార్చి వేసి రెండో వైపు నుంచి చూడండి. నాలుగు ధూళి రేణువులు ఉంటే పరవాలేదు, దారాలు ఉంటే వద్దు. ఎపర్చర్ ఎఫ్ 16 దగ్గర పెట్టి ఆకాశాన్ని ఒక ఫోటో తీయండి. ఏ ఫోటోలో చూసినా అదే చోట బూడిదరంగు చుక్కలు కనిపిస్తే లోపల సెన్సర్ మీద దుమ్ము ఉన్నట్టు. అది తుడిపించుకోవచ్చు, భయం లేదు. మీ మెమొరీ కార్డు మీరే తీసుకెళ్లండి. కెమెరా అడుగున ఉండే సీరియల్ నంబరూ, బిల్లు గానీ పెట్టె గానీ ఉంటే దాని మీద నంబరూ ఒకటేనా చూడండి, దొంగిలించిన వస్తువు కాకూడదు కదా. చూడకముందే డబ్బు పంపమంటే ఆ బేరం అక్కడితో వదిలేయండి. ఇంట్లో పెద్దవాళ్లు లేకుండా మాత్రం వెళ్లొద్దు. తెలియనివాళ్లయితే లైబ్రరీలోనో, పోలీసు స్టేషన్ ముందో కలవండి. అమెరికాలో చాలా ఊళ్ల పోలీసులు ఇందుకోసమే ఒక చోటు కేటాయిస్తారు.

బేరం గురించి మా ఇంట్లో రెండు అభిప్రాయాలున్నాయి. మా ఆయన గుమ్మం దగ్గర కూడా ఇంకో పది తగ్గించమంటారు. నాకది నచ్చదు. ధర ముందే ఒప్పుకుని వెళ్లాక, వస్తువులో లోపం కనబడితే తగ్గించమనడం న్యాయం. లోపం లేకుండా అడగడం మాట తప్పడమే. చిత్రం చూడండి, పది డాలర్ల బేరానికి రాని మొహమాటం ఆయనకి టార్చి తీయడానికి వచ్చింది!

అంకుల్‌కి ఈ సంగతి చెప్పాలా వద్దా అని మూడు వారాలు మథనపడ్డాం. మళ్లీ అదే మొహమాటం. చివరికి అమ్మాయే ఫోన్ చేసింది. "అంకుల్, తప్పుగా అనుకోకండి, లెన్సులో బూజు ఉంది" అని చెప్పేసింది. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయ్యో, నాకు తెలీదు తల్లీ! ఆ రోజే చూసి చెప్పాల్సింది కదా, నేనేమన్నా అనుకుంటానా?" అన్నారు. 50 డాలర్లు తిరిగి ఇస్తానంటే మేం వద్దన్నాం. ఆయన వినలేదు.

ఆ డబ్బుతో లైబ్రరీలో ఒక కాలేజీ అమ్మాయి దగ్గర ఇంకో 18-55 కొన్నాం. మేం అడగకముందే ఆ అమ్మాయి, "ఇదిగో, ఈ అంచున గీత పడింది, చూసుకోండి" అని చూపించి, తన ఫోన్ లైటు తనే వేసి పట్టుకుంది. పది నిమిషాలు చూశాం. ఎవరికీ కోపం రాలేదు.

పోయిన ఆదివారం అంకుల్ వాళ్లింటికి భోజనానికి వెళ్లాం. అన్నం తిన్నాక ఆయన బీరువాలోంచి ఇంకో రెండు పాత లెన్సులు తెచ్చి మా అమ్మాయి ముందు పెట్టారు. "నీ టార్చి తెచ్చావా తల్లీ? వీటి సంగతి కూడా చూసి చెప్పు."