విరాళం ఎవరిదన్నదే ప్రశ్న

భోపాల్‌లో గ్యాస్ బాధితులే తమ కథను తాము చెప్పుకుంటున్న చిన్న మ్యూజియం ఒకటి ఉంది. దుర్ఘటనకు ముప్పై ఏళ్లు నిండిన 2014 డిసెంబరులో మొదలైన దాని పేరు ‘రిమెంబర్ భోపాల్’. మరణించినవారి దుస్తులు, ఛాయాచిత్రాలు, కుటుంబాలు దాచుకున్న చిన్నచిన్న వస్తువులు అక్కడికి విరాళాలుగా వచ్చాయి. వాటిని ఇచ్చినవారి గొంతులను సందర్శకులు వినవచ్చు. వ్యక్తులిచ్చే ధనసహాయం తీసుకుంటారు గానీ కంపెనీల సొమ్మునూ ప్రభుత్వాల సొమ్మునూ ముట్టుకోరు.

కంపెనీల మాట సులువుగానే బోధపడుతుంది. యూనియన్ కార్బైడ్‌ను 2001లో సొంతం చేసుకున్న డౌ కెమికల్, భోపాల్ బాధ్యత తనది కాదని నేటికీ వాదిస్తోంది. అదే సంస్థ 2012 లండన్ ఒలింపిక్స్ స్పాన్సర్లలో ఒకటి! 2013 నాటి కంపెనీల చట్టం ప్రకారం పెద్ద సంస్థలు లాభాల్లో రెండు శాతం సామాజిక బాధ్యతకు వెచ్చించాలి. వారసత్వ పరిరక్షణ కూడా ఆ పద్దులో చేరుతుంది. అంటే మ్యూజియం గుమ్మం మీద కార్పొరేట్ దాత ఫలకం నేడు చట్టసమ్మతమైన పుణ్యకార్యం.

మరి ప్రభుత్వ ధనం? అది ప్రజల పన్నుల సొమ్మే కదా, దాన్ని కాదనడం మొండితనం కాదా అని అడిగేవారున్నారు. ప్రశ్న న్యాయమైనదే. కానీ బాధితులందరి తరఫున వాదించే హక్కును 1985లో ప్రత్యేక చట్టం ద్వారా కేంద్ర ప్రభుత్వం పూర్తిగా తన చేతిలోకి తీసుకుంది. నాలుగేళ్లు తిరక్కుండానే, 1989 ఫిబ్రవరిలో, 47 కోట్ల డాలర్లకు రాజీపడింది. బాధితులను సంప్రదించనే లేదు. తమ పేరిట ఒకసారి మాట్లాడినవారికి తమ జ్ఞాపకాన్ని కూడా అప్పగించబోమనడం మొండితనం కాదు, అనుభవం నేర్పిన జాగ్రత్త.

ఆ రాత్రి వల్ల ఎందరు చనిపోయారని ఎవరైనా అడిగితే ఈ దేశంలో ఒక్క సమాధానం లేదు. రాజీనాటి లెక్క సుమారు 3,000. ఆ లెక్క తప్పని, మృతులు 5,295 మందని ప్రభుత్వమే 2010లో సుప్రీంకోర్టుకెక్కింది. 2023 మార్చిలో ఆ పిటిషన్ వీగిపోయింది. బాధిత సంఘాల లెక్క వీటికి ఎన్నో రెట్లు. ప్రభుత్వ నిధులతో నడిచే మ్యూజియంలో గైడు వీటిలో ఏ అంకె చెబుతాడో ఊహించడం కష్టం కాదు.

అయితే ఈ స్వేచ్ఛ ఉచితంగా రాదు. గుడ్డ చివుకుతుంది, కాగితం పసుపెక్కుతుంది, అద్దె, కరెంటు బిల్లు నెలనెలా వస్తూనే ఉంటాయి. వ్యక్తుల చిరువిరాళాలతో ఎంతకాలం అన్న సందేహానికి సమాధానం తేలిక కాదు. ప్రభుత్వం నిజంగా సాయపడదలిస్తే చెక్కు కన్నా విలువైనది దాని బీరువాల్లోనే ఉంది. భారత వైద్య పరిశోధన మండలి 1994లో ఆపేసిన అధ్యయనాల మూలపత్రాలు, ఆసుపత్రుల రికార్డులు, పరిహార దరఖాస్తుల దస్త్రాలు వ్యక్తుల గోప్యతకు భంగం లేకుండా పరిశోధకులకు తెరిస్తే చాలు.

కార్ఖానాలో నలభై ఏళ్లు పడి ఉన్న విషవ్యర్థాల్లో 337 టన్నులను 2025 జనవరిలో పీథంపూర్‌కు తరలించారు. ఆ స్థలంలో స్మారకం కడతామన్న మాట ఏనాటి నుంచో వినిపిస్తోంది. కట్టే పక్షంలో, దాని గోడ మీద మృతుల సంఖ్యగా ఏ అంకె చెక్కుతారో పునాది వేయకముందే బాధితులతో కూర్చుని తేల్చాలి.