రక్తంలో సున్నా వస్తే సంబరపడాలా?

మా బాబాయికి లివర్ కేన్సర్ గడ్డ తీసేశారు. రక్తంలో తిరిగే కేన్సర్ కణాల్ని లెక్కపెట్టే టెస్టుందట, చేయిద్దామా అని పిన్ని అడిగింది. నేనైతే వద్దన్నాను.

ఈ కణాల్ని ఆష్‌వర్త్ అనే ఆయన 1869లోనే చూశాడు. చిక్కంతా పట్టుకోవడంలోనే. మిల్లీలీటరు రక్తంలో ఎర్ర కణాలే దాదాపు 500 కోట్లు, వాటి మధ్య ఇవి ఒకటో రెండో! అమెరికాలో 2004లో అనుమతి పొందిన సెల్‌సెర్చ్ అనే టెస్టు రొమ్ము కేన్సర్ కోసం వచ్చింది. ఒంటి మీద ఎప్‌కామ్ అనే ప్రోటీన్ ఉన్న కణాల్నే అది పట్టుకుంటుంది. లివర్ కేన్సర్ కణాల్లో చాలావాటికి ఆ ప్రోటీనే ఉండదు. మన భాషలో చెప్పాలంటే, సెర్చ్ స్ట్రింగే తప్పయితే లాగ్ ఫైల్లో ఏమీ దొరకదు... అంటే బగ్ లేదనా? ఆ సున్నా చూసుకుని స్కానింగ్ ఎగ్గొడతారేమోనని నా భయం. గడ్డ తీసేశాక కూడా అయిదేళ్లలో సగం మందికి పైగా తిరగబెట్టే రోగమిది.

పోనీ, ఎక్కువే వచ్చాయనుకుందాం. ఏం చేస్తారు? రొమ్ము కేన్సర్లో ఆ లెక్క చూసి కీమో మార్చిన ట్రయల్ ఫలితాలు 2014లో వచ్చాయి, ఆయుష్షేమీ పెరగలేదు.

స్కానింగూ, ఏఎఫ్‌పీ టెస్టూ డాక్టరు చెప్పిన తేదీకి చేయించమన్నాను. బాబాయికిది హెపటైటిస్ బి వల్ల వచ్చింది కాబట్టి పిల్లలిద్దరికీ ఆ పరీక్ష, అది లేదని తేలితే టీకా. పిన్ని ఇంకా ఆలోచిస్తోంది.