కల్పితలోకమునకు మన యూరి పేరేల?

కవి తన కావ్యలోకమునకు తానే బ్రహ్మ యని మన ఆలంకారికులు చెప్పియున్నారు. లేని ఊరిని పుట్టించుటకు, లేని ఏటిని పారించుటకు, లేని రాజును గద్దె నెక్కించుటకు కవికి అధికారము గలదు. పదునారవ శతాబ్దిలో పింగళి సూరన కళాపూర్ణోదయ కథను పురాణములనుండి యెత్తి తేక తన బుద్ధిబలముతోనే అల్లి మెప్పించెను. మధిర సుబ్బన్న దీక్షితులవారు కాశికి పోవు త్రోవలో మజిలీ కొక కథ చొప్పున చెప్పించిరి. వానిని చదివి పెరిగినవాడనే నేనును. కావున కల్పనకు శత్రువని నన్నెవ్వరును తలంపవలదు. నా తగవు వేరు. లోకమును సృష్టించినవాడు దానికి పేరును గూడ తానే సృష్టించుకొనవలయునా, లేక బ్రదికియున్న ఊరి పేరు నడుగకయే తీసికొనవచ్చునా?

2018 డిసెంబరులో ఒకటియు, 2022 ఏప్రిలులో రెండవదియు, ‘కె.జి.యఫ్.’ అను పేరుతో రెండు చలనచిత్రములు వెలువడినవి. ప్రశాంత్ నీల్ గారు దర్శకులు. కన్నడమున తీసిన ఈ చిత్రములను తెలుగువారు తమ చిత్రములవలెనే ఆదరించిరి. నేనును చూచితిని. పనితనమును నిందింపను. అందలి భూగోళము మాత్ర మిట్లున్నది: 1951లో కోలారు ప్రాంతమున బంగారు రాయి బయటపడినదట. సూర్యవర్ధను డనువాడు సున్నపురాతి గని యను నెపముతో, లోకము కన్నుగప్పి, నరాచి యను చోట త్రవ్వకము సాగించెనట. చుట్టును ఎత్తైన గోడలు, తుపాకులు, కొరడాలు. లోపల నోరులేని బానిసలు. నేల యంతయు కాటుక వలె నలుపు. వారిని విడిపించుటకు బొంబాయినుండి యొక వీరుడు రావలసివచ్చినది.

ముప్పదియేండ్లు రెవిన్యూ కచేరిలో గుమాస్తాగా గ్రామపటములతోను సర్వే నంబర్లతోను కాలము గడపినవాడను. మెట్రిక్ చదువు మాత్రమే గలవాడను. పటములో ఒక గట్టు జానెడు తప్పుగా గీచినందుకు రెండు కుటుంబములు రెండు తరములు కోర్టు మెట్లెక్కుట చూచితిని. ఊరికి ఊరే తప్పుగా గీచినచో ఊరకుండుట నాకు చేతగాదు.

మన గనుల పేళ్లు మైసూరు, చాంపియన్ రీఫ్, ఊర్గాం, నందిదుర్గం, బాలఘాట్, కోరమాండల్. వీనిలో నరాచి లేదు. 1802లోనే జాన్ వారెన్ అను సైనికోద్యోగి మన పల్లెజనులు మట్టిని కడిగి బంగారము తీయుట చూచి వ్రాసియుంచెను. 1873లో లావెల్ అను ఐరిష్ వాడు మైసూరు ప్రభుత్వమునకు అర్జీ పెట్టుకొనెను. 1880లో జాన్ టెయిలర్ కంపెనీ ప్రవేశించినది. 1894లో బౌరింగుపేట, అనగా నేటి బంగారుపేట నుండి, మారికుప్పమునకు రైలు వచ్చినది. 1902లో సుమారు 148 కిలోమీటర్ల దూరమున నున్న శివసముద్రమునుండి విద్యుచ్ఛక్తి తెచ్చిరి. బెంగుళూరు వీధులలో విద్యుద్దీపములు వెలుగుటకు మూడేండ్ల మునుపటి మాట యిది. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించిన లోతునకు దిగినది. 1965లో అదే గనిలో, భూమికి రెండు కిలోమీటర్లకు పైగా అడుగున, శాస్త్రజ్ఞులు న్యూట్రినో కణముల జాడ కనుగొనిరి. సినిమా కథలో బంగారము పుట్టిన 1951 నాటికి కంపెనీ వచ్చి డెబ్బదియొక యేండ్లు! కథకుడు తన కథను మొదలుపెట్టిన చోట మన తాతలు పింఛనుకు దగ్గరపడియుండిరి.

సినిమా భూగోళమునకు గోడలున్నవి. మన బంగారు రాతికి గోడ లేదు. ఆ శిలావళి ఉత్తర దక్షిణములుగా సుమారు ఎనుబది కిలోమీటర్లు సాగి, చిత్తూరు సీమలోని బిసానత్తము, చిగురుగుంట వరకు పోవుచున్నది. అచ్చటను త్రవ్వకములు జరిగినవి. రాయికి కన్నడమనియు తెలుగనియు సరిహద్దు తెలియదు. ఊర్గామునకు చేరువనున్న పెద్దపల్లిలోని లావాశిలలను జాతీయ భూవిజ్ఞాన స్మారకముగా గుర్తించినారు. ఆ పేరే తెలుగు; విడమరచి చెప్పవలసిన పని లేదు.

ఇక మనుష్యుల మాట. ఆర్కాటు, సేలము జిల్లాలనుండి వచ్చిన తమిళ దళిత కుటుంబములు, చిత్తూరు వైపునుండి వచ్చిన మనవారు, ఇరుకు లైన్లలో కాపురముండి ఈ గనులను మోసిరి. వారు బానిసలు కారు, నోరులేనివారు అంతకంటెను కారు. 1930లో కార్మికుల వ్రేలిముద్రలు తీయింతు మని కంపెనీ యన్నప్పుడు వేలాదిమంది పని మాని నిలచిరి. ఏ వీరుని కొరకును ఎదురుచూడలేదు.

“నిజమైన గనిలో మాత్రము క్రౌర్యము లేదా? సినిమా దానినే పెద్దది చేసి చూపినది” అని మా యింటి కుఱ్ఱవాడొకడు వాదించెను. ఉన్నది. లేదని నేననుట లేదు. అయితే ఆ క్రౌర్యమునకు కొరడా లేదు. పైనున్న బరువునకు లోపలి రాయి పిడుగువలె ప్రేలి మనుష్యులను పాతిపెట్టుట దాని రూపము; దానిని గనివారు రాక్‌బరస్టు అందురు. రాతిదుమ్ము ఊపిరితిత్తులలో పేరుకొని నలుబదియేండ్లకే మనిషిని ముసలివానిని చేయు సిలికోసిస్ దాని మరియొక రూపము. ఇవన్నియు లెక్కల పుస్తకములో వ్రాసి, లండనులో వాటాదారులకు లాభము పంచి, చట్టబద్ధముగా జరిగిన పనులు. కొరడా పట్టిన రాక్షసుని చూపినయెడల ప్రేక్షకుడు రాక్షసుడు చచ్చినంతనే తృప్తితో ఇంటికి పోవును. దుమ్ము చావదు గదా!

“మొదటనే కల్పితమని తెరమీద వేసినారు” అనునది రెండవ వాదము. ఆ అక్షరములు నాలుగు క్షణములుండును. పేరు ఊరికి ఎప్పటికి నుండును. నరాచి యను చక్కని పేరును కల్పింపగలిగినవారు చిత్రమునకు ఆ పేరే పెట్టియుండరాదా? పేరు చేతిలో సిద్ధముగా నుండగా మన యూరి పేరు తలపై నేల ధరించిరి? ఆ పేరునకు బరువున్నది గనుక. ఆ బరువు నిచ్చినది ఎవరు? నూట యిరువదియేండ్లలో సుమారు ఎనిమిదివందల టన్నుల బంగారమును పైకి తెచ్చినవారు, తెచ్చుచు లోపలనే మిగిలినవారు. వారి పేరుతో అంగడి పెట్టి, వారినే పటమునుండి తుడిచివేయుట న్యాయమా?

మన పొరుగుననే వేరొక మార్గము చూపినవారున్నారు. మైసూరులో నివసించిన ఆర్.కె. నారాయణ్ గారు 1935లో ప్రకటించిన నవలలో మాల్గుడి యను ఊరిని కల్పించి, దానికి సరయూ నదిని, రైలు స్టేషనును ఇచ్చిరి. ఏ నిజమైన ఊరి పేరును తాకలేదు. ఫలానా ఊరే మాల్గుడి యని నేటికిని అభిమానముతో వాదులాడుకొనుచున్నారే గాని మా ఊరిని చెఱిచెనని యెవ్వరును అనలేదు. మన జిల్లాలోని ఆవనిని చూడుడు. అది వాల్మీకి ఆశ్రమమనియు, కుశలవులు పుట్టిన చోటనియు జనులు చెప్పుదురు. చరిత్రకారుడు ఒప్పుకొనకపోవచ్చును. కాని ఆ కథ ఆవనిలోని ఒక్క ఇంటినైనను దాచలేదు. కొండపై సీతమ్మకు గుడి యిచ్చినది, ఊరికి గౌరవము నిచ్చినది.

ఈ చిత్రములో కథ చెప్పు పుస్తకమునకు ఎల్ డొరాడో అని పేరు. ఆ పేరు పెట్టినవారు దాని కథను పూర్తిగా తలచినట్లు లేదు. దక్షిణ అమెరికాలో బంగారు నగర మున్నదని నమ్మి ఇంగ్లీషు నావికుడు వాల్టర్ రాలీ 1595లో బయలుదేరెను. అతని వ్రాతలను బట్టి లేని సరస్సును, దాని యొడ్డున లేని నగరమును భూపటములలో గీచిరి. సుమారు రెండు వందల యేండ్ల తరువాత హంబోల్టు పండితుడు ఆ సరస్సు లేదని తేల్చెను. రెండవ యాత్ర చెడి, రాలీ 1618లో తల పోగొట్టుకొనెను. కల్పిత భూగోళము పటములోనికి దిగినచో పైకి తీయుట అంత కష్టము.

మనకు ఈ కష్టము దూరపు మాట కాదు. కంపెనీ చేతినుండి 1956లో మైసూరు ప్రభుత్వమునకు, 1962లో కేంద్రమునకు పోయిన గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. నేడు తెల్లవారకముందే మారికుప్పము రైలెక్కి మన పిల్లలు బెంగుళూరునకు కూలికో గుమాస్తాగిరికో పోవుచున్నారు. అచ్చట ఊరి పేరు చెప్పినంతనే ఎదుటివారు సినిమా మాట యెత్తి నవ్వుదురు. గని చూడవచ్చు వారిలో కొందరు నరాచికి దారి అడుగుదురు. సినిమా సెట్టు వేసిన సైనైడ్ దిబ్బలమీద బొమ్మలు తీసికొందురు. ఆ దిబ్బలు నిజమునకు నల్లనివి కావు, బూడిద వన్నెవి. గాలి కాలములో ఆ పొడి ఇండ్లలోనికి, ముంతలలోనికి వచ్చును. అట్టి దిబ్బలు పదమూడు, వానిలో సుమారు మూడుకోట్ల ముప్పదిలక్షల టన్నుల పొడి యున్నది. అందులో మిగిలిన బంగారము తీయుటకు వేలము వేయవచ్చునని 2024లో కర్ణాటక ప్రభుత్వము సమ్మతించినది. ఆ దిబ్బల ప్రక్కన ఏ లైన్లున్నవి, ఏ బడి యున్నది, వర్షపు నీరు ఎటు పారును అను సంగతులు ఇప్పుడు లోకమునకు తెలియవలసినవి. లోకమునకు తెలిసినది నరాచి!

మన సంఘము ఏటేట సంచికలో పద్యములను, ఛాయాచిత్రములను అచ్చువేయుచున్నది, సంతోషమే. వచ్చు సంచికలో ఒక పటమును గూడ వేయవలయునని నా కోరిక. గనుల పేళ్లు, మూసిన షాఫ్టుల చోట్లు, ఒక్కొక్క లైనును మనవారు పిలిచిన పేరు, చుట్టుపట్ల పల్లెలు, గనులకు నీరిచ్చిన బేతమంగళము చెరువు, సమాధుల చోట్లు అందులో నుండవలెను. లైన్ల పేళ్లు ఎరిగిన పెద్దలు వ్రాసి కార్యాలయమున ఇచ్చినయెడల, గీచు పని నేను చేసెదను. కాగితము నాయొద్ద నున్నది.