నాన్న చుట్టీకి వస్తే బడి సంగతేమిటి?

గాంధారి, లింగంపేట, సదాశివనగర్, ఎల్లారెడ్డి వైపు ఊళ్లలో, తండాల్లో తండ్రి గల్ఫ్‌లో ఉండి తల్లీపిల్లలు ఇక్కడ ఉన్న ఇళ్లు ఎన్నో. కామారెడ్డి, నిజామాబాద్, జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాల నుంచి దుబాయి, సౌదీ, ఖతర్, కువైట్‌లకు వలస వెళ్లడం దశాబ్దాలుగా సాగుతోంది. కూలి పనులకు వెళ్లినవారిలో చాలామందికి రెండేళ్లకొకసారి గానీ చుట్టీ దొరకదు. అదెప్పుడిచ్చేదీ కంపెనీ ఇష్టం. మన బడుల సెలవులు చూసుకొని ఏ కంపెనీ చుట్టీ ఇవ్వదు. ఆ తండ్రి జూలైలో రావచ్చు, నవంబరులో రావచ్చు, పదో తరగతి పరీక్షలు దగ్గర పడిన ఫిబ్రవరిలోనూ రావచ్చు.

వచ్చిన మనిషికి, రెండేళ్లుగా ఫోన్‌లో మాత్రమే చూసిన బిడ్డను పక్కన కూర్చోబెట్టుకోవాలని ఉంటుంది. అమ్మమ్మ ఊరు వెళ్లాలి, కృతజ్ఞత కూడిక పెట్టించుకోవాలి, మెదక్ కేథడ్రల్‌లో ప్రార్థన చేసుకోవాలి, పిల్లలకు హైదరాబాద్ జూపార్కు చూపించాలి. ఈ తిరుగుళ్లలో రెండు రోజులనుకున్న నాగా వారమవుతుంది, ఒక్కోసారి నెల దాటుతుంది. కుటుంబం కోసం బడి మాన్పించడం తప్పా? తప్పయితే ఎంతవరకు? ఈ ప్రశ్నకు మన సంఘాలు కూడా జవాబు చెప్పాల్సి ఉందని మేము అనుకుంటున్నాం.

ఈ ప్రశ్న గాంధారిదే కాదు. ఇంగ్లండులో ఇది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. జాన్ ప్లాట్ అనే తండ్రి 2015 ఏప్రిల్‌లో బడి నడుస్తుండగా కూతుర్ని అమెరికాలోని డిస్నీ వరల్డ్‌కు తీసుకెళ్లాడు. జరిమానా కట్టనన్నాడు. 2017 ఏప్రిల్ 6న అక్కడి సుప్రీంకోర్టు అతనికి వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. బడికి క్రమంగా రావడమంటే బడి పెట్టుకున్న నియమాల ప్రకారం రావడమేనని తేల్చింది. 2024 ఆగస్టు నుంచి అక్కడ అనుమతి లేకుండా ఐదు రోజుల బడి పోతే తల్లికీ తండ్రికీ ఒక్కో బిడ్డ లెక్కన 80 పౌండ్ల చొప్పున జరిమానా వేయవచ్చు. 21 రోజుల్లో కట్టకపోతే అది 160 పౌండ్లు. అక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకూ ఇదే నియమం. బడి సెలవుల్లో హైదరాబాద్ విమాన టికెట్టు మండిపోతుంది, సెలవులు కాని రోజుల్లో వస్తే జరిమానా పడుతుంది.

మన పక్కనున్న ఆంధ్రప్రదేశ్‌లో జరిమానా బదులు ప్రోత్సాహం పెట్టారు. 2020 జనవరిలో మొదలైన అమ్మ ఒడి పథకంలో తల్లి ఖాతాలో వేసే సొమ్ముకు 75 శాతం హాజరు షరతుగా వచ్చింది. తెలంగాణలో బడి మాన్పించిన తల్లిదండ్రులకు అలాంటి జరిమానా లేదు, అలాంటి పథకమూ లేదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం, ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల్ని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అంటుంది గానీ, మాన్పించినందుకు జరిమానా వేయమనదు. అది మంచిదే. జరిమానా ఉన్నవాడికి టికెట్టు ఖర్చులో కలిసిపోతుంది, లేనివాడికి అప్పవుతుంది. అయితే చట్టం పట్టుకోదు కనుక నష్టం లేదనుకుంటే మాత్రం పొరపాటు.

లెక్క చూద్దాం. విద్యాహక్కు చట్టం ప్రకారం ఏడాదికి ఐదో తరగతి వరకు కనీసం 200 రోజులు, ఆరు నుంచి ఎనిమిది వరకు 220 రోజులు బడి నడవాలి. ఆదివారాలు పోగా నెలకు ఇంచుమించు 24 పనిదినాలు. అంటే ఒక నెల పోతే ఏడాది చదువులో పదో వంతుకు పైగా పోయినట్టే. పైతరగతికి ఎలాగూ పంపిస్తారు కదా అని కొందరంటారు. పంపిస్తారు. కానీ భిన్నాలు చెప్పిన వారం లేని పిల్లవాడికి శాతాలు అర్థం కావు, శాతాలు రానివాడికి వడ్డీ లెక్క రాదు. తరగతి మారుతుంది, రాని లెక్క వెంటే వస్తుంది.

ఈ నష్టం అందరికీ ఒకటి కాదు. తల్లిదండ్రులు చదువుకున్న ఇంట్లో, ట్యూషన్ పెట్టించగల ఇంట్లో, పోయిన పాఠాన్ని ఆదివారం మధ్యాహ్నం కూర్చోబెట్టి చెప్పేవారుంటారు. ఇంటిలో మొదటిసారి బడికెళ్తున్న బిడ్డకు ఆ పాఠం మళ్లీ చెప్పేవారెవరు? తల్లి పొలం పనికో బీడీలు చుట్టుకునే పనికో పోతుంది. తండ్రి చుట్టీ ముగించుకొని విమానమెక్కుతాడు. సారు తరగతితోపాటు ముందుకు పోయారు. అదే సెలవు, ఒక బిడ్డకు జ్ఞాపకంగా మిగిలితే మరో బిడ్డకు బడి మీద భయంగా మిగులుతుంది. వెనకబడ్డానని తెలిసిన పిల్లలే ఇంకో రెండు రోజులు మానేందుకు సాకు వెతుకుతారు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. పనుల కోసం పిల్లల్ని వెంటబెట్టుకొని వలస వెళ్లే కుటుంబాలు సరదాకు బడి మాన్పించడం లేదు. వారికి కావాల్సింది బుద్ధులు కాదు, హాస్టల్ సీటు, ఊళ్లో పని. మేము మాట్లాడుతున్నది, వద్దనుకుంటే మానుకోగలిగిన నాగాల గురించి.

అందుకే ప్రతి నాగా విషయంలో ఒక్క ప్రశ్న వేసుకుందాం: ఈ తేదీని మార్చడం ఎవరి చేతిలో ఉంది?

గల్ఫ్ నుంచి వచ్చే తండ్రి చేతిలో అది లేదు. కాబట్టి ఆ ఇంటిని తప్పు పట్టకూడదు. తండ్రి దిగిన రోజు, తిరిగి వెళ్లే రోజు బిడ్డ బడిలో లేకపోతే లోకం మునిగిపోదు. మధ్యలో రెండు మూడు రోజుల ప్రయాణం కూడా సబబే. తండ్రి ప్రేమ కూడా బిడ్డకు చదువంత అవసరం. అయితే తల్లి ముందుగా బడికి వెళ్లి సారుతో మాట్లాడాలి, సెలవు చీటి ఇవ్వాలి, ఏ పాఠాలు పోతాయో అడిగి తెలుసుకోవాలి. మిగతా రోజుల్లో తండ్రే బిడ్డను బడి దాకా నడిపించి, సాయంత్రం తీసుకురావచ్చు. రెండేళ్లుగా కూలి చేసి ఎవరి చదువు కోసం సొమ్ము పంపాడో ఆ బిడ్డ నోటుబుక్కు తెరిచి చూడటం కూడా చుట్టీలో భాగమే.

మార్చగలిగిన తేదీల సంగతి వేరు. వాటిలో చాలా మన సంఘాలవే! మూడు రోజుల ఉజ్జీవ సభలు, సంఘ వార్షికోత్సవాలు, గృహప్రవేశ కూడికలు, పెళ్లిళ్లు ఎక్కువగా నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, బడులు జోరుగా నడిచే రోజుల్లోనే పెట్టుకుంటున్నాం. పేరుకు సాయంకాల సభలే. ముగిసేసరికి రాత్రి పదకొండు. మర్నాడు బడిలో ఆ పిల్లలు ఉన్నా నిద్రలోనే ఉంటారు. గుణదల మేరీమాత ఉత్సవాలు ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో జరుగుతాయి, వాటిని ఎవరూ జరపలేరు. మన ఊరి సభను మాత్రం మనమే జరపగలం.

ఖాళీ రోజులు లేవా? ఉన్నాయి. 2025-26 విద్యా సంవత్సరం పట్టికలో దసరాకు సెప్టెంబరు 21 నుంచి అక్టోబరు 3 వరకు 13 రోజులు, సంక్రాంతికి ఐదు రోజులు, వేసవికి ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 వరకు 49 రోజులు పెట్టారు. మిషనరీ బడులకు క్రిస్మస్‌కు డిసెంబరు 23 నుంచి 27 వరకు ఇచ్చారు. ఇతర బడులకు 25, 26 తేదీలే. ఈ పట్టిక ఏటా బడులు తెరిచే నాటికే అందరి చేతికీ వస్తుంది. వి.బి.ఎస్.లను మనం వేసవిలోనే పెట్టుకుంటున్నాం కదా! శ్రమకాలంలో పెళ్లి చేయకూడదని నియమం పాటించే సంఘాలున్నాయి కదా! తేదీలకు హద్దులు పెట్టుకోవడం మనకు కొత్త కాదు. ఆ హద్దుల్లో పిల్లల బడిని కూడా చేర్చమని మాత్రమే అడుగుతున్నాం.

సంఘ కాపరులకు, పెద్దలకు మా మనవి మూడు మాటలు. జూన్‌లో బడి పట్టిక ముందు పెట్టుకొని ఏడాది సభల తేదీలు ఖాయం చేయండి. బడి రోజుల్లో సభ తప్పనిసరైతే రాత్రి తొమ్మిదికి ముగించండి. ఊరెళ్లి వచ్చిన పిల్లల కోసం, సంఘంలో చదువుకున్న యువతీ యువకులచేత ఆదివారం సండే స్కూలు తర్వాత ఒక గంట పోయిన పాఠాలు చెప్పించండి. దీనికి చందాలు అక్కర్లేదు, ఒక బోర్డు, కొంచెం ఓపిక చాలు.

మన తాతముత్తాతల్లో ఎంతోమందికి పలక పట్టే భాగ్యం మిషను బడుల ద్వారానే దొరికింది. ఊరి బడి గడప ఎక్కనివ్వని రోజుల్లో ఆ చదువే వారిని నిలబెట్టింది. ఆ పిల్లల మనవలు ఈనాడు తరగతి గదిలో కూర్చున్న చోటు ఉచితంగా వచ్చింది కాదు.

లూకా సువార్త 2వ అధ్యాయంలో యోసేపు, మరియ ఏటా పస్కా పండుగకు యెరూషలేముకు వెళ్లేవారని చదువుతాం. కుటుంబ ప్రయాణాన్ని, పండుగను దేవుని వాక్యం తప్పుపట్టలేదు. అయితే పన్నెండేళ్ల యేసును వెతుక్కుంటూ వెనక్కి వచ్చిన ఆ తల్లిదండ్రులకు ఆయన కనిపించింది బోధకుల మధ్య. అక్కడ ఆయన వింటున్నాడు, ప్రశ్నలు అడుగుతున్నాడు. మన పిల్లల కోసం ఎవరైనా వెతికితే వారు కూడా అలాంటి చోటే కనబడాలి. వచ్చే జూన్‌లో సంఘ పెద్దల కూడిక జరిగినప్పుడు బల్ల మీద బైబిలు పక్కన బడి సెలవుల పట్టిక కూడా ఉండాలని మా ప్రార్థన.