మాయలోకంలో వార్డెను ఉండాలా?



ఆదివారం రాత్రి మనం ఆడే కథల ఆట మీకు తెలిసిందే. ఒకరు కథ నడిపిస్తే మిగతావాళ్ళం రాకుమారుడు, మాంత్రికుడు, రాక్షసుడు అవుతాం. మొన్న నా వంతు వచ్చినప్పుడు మాయాపట్నంలో ఒక బడి, జి.సి.సి. డిపో, వార్డెను గారిని పెట్టాను. "అక్కడ కూడా వార్డెనేనా! మాయ రోజూ ఉంటే ఇంక మాయేంటి?" అని పదో తరగతి అన్నలు ఆట ఆపేశారు.

నా అభిప్రాయం వేరు. 1957లో వచ్చిన 'మాయాబజార్' గుర్తు చేసుకోండి. అడివిలో ఘటోత్కచుడి ఆశ్రమం, అక్కడ రాక్షసులకి చదువు చెప్పే గురువు. ఆ బడి చూసి నవ్వామే గాని, మాయ తగ్గిందని ఎవరన్నా అన్నామా? రాజమండ్రి మధిర సుబ్బన్న దీక్షితులు గారి 'కాశీమజిలీ కథలు'లో మణిసిద్ధుడి దగ్గర మహిమగల మణి ఉంది. అయినా కాశీకి నడిచే వెళ్ళాడు.

మన ఊళ్ళో మామిడి పండగ కాకుండా కొత్త కాయ ఎవరూ ముట్టరు. పూజారి ఉన్నాడు, కట్టుబాటు ఉంది. అయినా ఆ రోజు ఒళ్ళు పులకరించదా?

అన్నలు చెప్పిందాంట్లో ఒకటి నిజం. మంత్రంతోనే అన్నం, మంత్రంతోనే పరీక్ష పాసైతే ఆటే లేదు. అందుకే మాయకి కట్టుబాటు కావాలి, దాన్ని చూసే మనుషులూ కావాలి.

ఇంకో మాట. కోట, రాజు మాత్రమే ఉన్న కథలో అడివిలో ఉండేవాడు ఎప్పుడూ దుష్టుడే. ఊరు, బడి, పంచాయితీ పెడితే వాడికీ ఇల్లుంటుంది, పనుంటుంది, మాట ఉంటుంది. ఆ వేషం నేను సంతోషంగా వేస్తాను.

వార్డెను గారూ, తప్పుంటే మన్నించండి. మాయాపట్నంలో మీ వేషం ఇంకా ఖాళీగానే ఉంది.

— తొమ్మిదో తరగతి విద్యార్థి