తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలి?

ఓపెన్ సోర్స్ అనే మాట వినని విద్యార్థి ఈనాడు మన కళాశాలలో లేడంటే అతిశయోక్తి కాదు. సైన్సు వాళ్ళే కాదు, చరిత్ర శాఖ వాళ్ళూ తెలుగు శాఖ వాళ్ళూ కూడా ఫైర్‌ఫాక్సో, లిబ్రె ఆఫీసో వాడుతూనే ఉన్నారు. ప్రోగ్రాం అసలు పాఠాన్ని, అంటే సోర్సు కోడును, దాచకుండా అందరి ముందూ పెట్టడం. ఎవరైనా చదవొచ్చు, వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పదిమందికీ పంచవచ్చు అనడం – ఇదీ ఆ మాటకు అర్థం. ఇందులోని ఔదార్యాన్ని గురించి మన సెమినార్లలో ఎన్నో ఉపన్యాసాలు విన్నాం. మంచిదే. కాని ఆ ఉపన్యాసాల్లో ఎవరూ ఎత్తని ప్రశ్న ఒకటుంది. కోడు అందరిదీ సరే, అసలు ప్రతిని మార్చే తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలి? దాన్ని వాళ్ళకి ఎవరిచ్చారు? ఎప్పుడు తిరిగి ఇచ్చెయ్యాలి?

ఇది ఊసుపోక అడుగుతున్న ప్రశ్న కాదు. మా శాఖలో మేం అయిదుగురం నాలుగేళ్ళుగా తెలుగు అక్షరదోషాలు పట్టే ప్రోగ్రాం ఒకటి రాస్తున్నాం. ఈ ఏడాదితో ముగ్గురం వెళ్ళిపోతున్నాం. జూనియర్లు పదిమంది ముందుకొచ్చారు. ఇక్కడే మాలో మాకు అభిప్రాయభేదం వచ్చింది. “మనకు తెలిసినవాళ్ళకే ఇద్దాం” అని కొందరు. “అడిగినవాళ్ళందరికీ ఇచ్చేద్దాం, ఓపెన్ అంటే అదేగా!” అని మరికొందరు. నాది మూడో పక్షం. ముందు నియమావళి, తర్వాతే తాళంచెవి. ఎందుకో చెబుతాను.

చదివే హక్కు వేరు, అసలు ప్రతిని మార్చే హక్కు వేరు. పల్లెలో చెరువు ఊరందరిదీ. ఎవరైనా నీళ్ళు తెచ్చుకోవచ్చు, పశువుల్ని తోలుకెళ్ళొచ్చు. కాని తూము ఎత్తేవాడు నీరటి ఒక్కడే. అతణ్ణి ఎవరు పెట్టారో, ఏ పొలానికి ఎంతసేపు నీళ్ళు వదలాలో ఊరికి తెలిసి ఉంటుంది. తెలియని ఊళ్ళో తలలు పగులుతాయి. ఓపెన్ సోర్స్‌లోనూ అంతే. కాపీ తీసుకుని నీ ఇంట్లో నీ ఇష్టం వచ్చినట్టు మార్చుకో, అడిగేవాడు లేడు. కాని లక్షలమంది నమ్మి వాడుకునే అసలు ప్రతిలో ఒక్క పంక్తి మార్చాలన్నా అది తూము ఎత్తడమే.

“అడిగినవాళ్ళకి ఇచ్చేద్దాం” అనేవాళ్ళు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. 2018లో ఈవెంట్ స్ట్రీమ్ అనే ప్రోగ్రాం రచయిత, తానిక దాన్ని పట్టించుకోవడం లేదు గనుక, చూసుకుంటానని అడిగిన ఒక అపరిచితుడికి హక్కులు అప్పగించాడు. ఆ అపరిచితుడు అందులో బిట్‌కాయిన్ దొంగిలించే కోడు చొప్పించాడు. నవంబరులో గాని లోకానికి తెలియలేదు.

రెండోది ఇంకా ఘోరం. ఫైళ్ళను కుదించే ఎక్స్‌జెడ్ అనే చిన్న ఉపకరణం దాదాపు ప్రతి లినక్స్ వ్యవస్థలోనూ ఉంటుంది. దాన్ని ఏళ్ళ తరబడి ఒక్క మనిషి, ఒక్క పైసా జీతం లేకుండా నడిపాడు. 2021లో జియా టాన్ అనే పేరుతో ఒకరు వచ్చి బుద్ధిగా పని మొదలుపెట్టారు. పని బాగానే ఉంది. 2022లో ఇంకెవరెవరో పేర్లతో, “పనులు నిలిచిపోతున్నాయి, మరొకరికి అధికారం ఇవ్వవేం?” అని ఆ ఒంటరి మనిషిని పొడవడం మొదలైంది. అలసిపోయిన మనిషి నెమ్మదిగా తాళంచెవి పంచుకున్నాడు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన 5.6.0 కూర్పులో దొంగదారి ఒకటి చేరింది. సర్వర్లోకి లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటా అని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్వి చూసి, మార్చి 29న బయటపెట్టాడు. అప్పటికి అది ప్రధానంగా పరీక్ష దశలో ఉన్న కూర్పులకే చేరింది గనుక లోకం బతికిపోయింది. ఆ పేరు వెనక ఎవరున్నారో ఇప్పటికీ తేలలేదు.

ఇందులో నన్ను కలవరపెట్టేది దొంగ తెలివి కాదు. దొంగలు ఎప్పుడూ ఉంటారు. “ఇది నా ఒక్కడి ఇష్టం కాదు, ఇద్దరు ఒప్పుకోవాలని మా నియమంలో ఉంది” అని చెప్పుకోవడానికి ఆ మనిషికి ఒక కాగితం ముక్క లేదే, అదీ నా బాధ. నియమం అధికారాన్ని కట్టడి చేస్తుందంటాం. మొహమాటపడే మనిషికి అది కాపలా కూడా కాస్తుంది.

మరి “మనవాళ్ళకే” అనే పక్షం మాటేమిటి? లినక్స్ తెర మీద బొమ్మలు చూపించే ఎక్స్‌ఫ్రీ86 కథ చూడండి. నిర్ణయాలన్నీ ఒక చిన్న అంతరంగిక బృందానివి. బయటివాళ్ళకి ప్రవేశం కష్టం. 2003 మార్చిలో కీత్ ప్యాకర్డ్ అనే ప్రముఖ సభ్యుణ్ణి ఆ బృందం నుంచి తొలగించారు. ఏడాది తిరక్కుండానే లైసెన్సు షరతులు మార్చారు. దాంతో పని చేసేవాళ్ళు, వాడేవాళ్ళు చాలామంది ఎక్స్ ఆర్గ్ అనే కొత్త వేదికకు తరలిపోయారు. అక్కడ పాలకమండలిని సభ్యులు ఎన్నుకుంటారు. పాత ఇంట్లో తాళంచెవులు భద్రంగానే మిగిలాయి, ఇంట్లో మనుషులే మిగల్లేదు.

వ్యక్తి ఎంత గొప్పవాడైనా నియమావళికి బదులు కాలేడనడానికి పైథాన్ సాక్ష్యం. ఆ భాషను సృష్టించిన గైడో వాన్ రోసమ్‌ను దయగల శాశ్వత నియంత అని సరదాగా పిలిచేవారు. 2018 జులైలో, ఒక చిన్న గుర్తును భాషలో చేర్చే విషయమై రేగిన వాదాలతో విసిగి, ఆయన తప్పుకున్నారు. వారసుణ్ణి ప్రకటించలేదు, ఎలా పాలించుకుంటారో మీరే తేల్చుకోండన్నారు. ఆ బృందం కొట్టుకోలేదు. అరడజనుకు పైగా పాలనా పద్ధతులు కాగితం మీద పెట్టి, డిసెంబరులో ఓటు వేసి ఒకటి ఎంచుకున్నారు. అయిదుగురి మండలి, అందులో ఇద్దరికి మించి ఒకే యజమాని దగ్గర పనిచేసేవాళ్ళు ఉండకూడదు. కొత్తవాళ్ళకి హక్కు రావాలంటే ఉన్న సభ్యుల ఓట్లలో మూడింట రెండు వంతులు కావాలి. మండలి మీద నమ్మకం పోతే దించే దారీ రాసుకున్నారు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. “రూల్సు పెడితే ఉత్సాహం చచ్చిపోతుంది, ఇదీ ఒక సర్కారీ ఆఫీసవుతుంది” అంటారు. 1993లో పుట్టిన డెబియన్ 1998లోనే రాజ్యాంగం రాసుకుంది. నాయకుణ్ణి ఏటేటా ఎన్నుకుంటుంది. సభ్యుడు కావాలంటే గుర్తింపు రుజువు చేసుకోవాలి, పని చూపించాలి, పాత సభ్యుడొకరు పూచీగా మాట్లాడాలి. ఇంత ఉన్నా, ఎవరూ ఏ పనీ చేసి తీరాలన్న నిర్బంధం లేదని ఆ రాజ్యాంగమే చెబుతుంది. చాకిరీని కాదు, పెత్తనాన్ని కట్టడి చేయడమే దాని పని. డెబియన్ ఇప్పటికీ నడుస్తోంది. అపాచీ వాళ్ళ పద్ధతిలో కోడు మార్పును ఒక్క సభ్యుడు సైతం అడ్డుకోవచ్చు. కాని సాంకేతిక కారణం చెప్పాలి, చెప్పకపోతే ఆ అడ్డు చెల్లదు. ఎస్‌క్యూలైట్ వాళ్ళయితే బయటివాళ్ళ కోడు తీసుకోమని ముందే చెప్పేశారు. అదీ న్యాయమే! చెప్పి మూసిన తలుపు ఎవరినీ అవమానించదు. తెరిచానని చెప్పి లోపల గడియ పెట్టడమే అవమానం.

తప్పంతా తాళంచెవి ఉన్నవాళ్ళదేనా అంటే, కాదు. “నా మార్పు చేర్చుకోండి” అని పంపే వినతిని పుల్ రిక్వెస్టు అంటారు. హాక్టోబర్‌ఫెస్ట్ అనే వేడుకలో నాలుగు పంపితే టీ షర్టు ఇస్తామన్నారు. 2020 అక్టోబరులో కామాలు, విశేషణాలు చేర్చిన పనికిరాని వినతులు వరదలా వచ్చిపడ్డాయి. అందులో మన దేశపు విద్యార్థుల వంతు కూడా తక్కువేం కాదు. నిర్వాహకులు కొద్దిరోజులకే నియమం మార్చి, సమ్మతించిన ప్రాజెక్టులకే పరిమితం చేశారు. లెక్క కొలిచే చోట లెక్కే పెరుగుతుంది, పని పెరగదు.

వీటన్నిటినీ దృష్టిలో పెట్టుకుని మా ప్రోగ్రాంకు నేను సూచిస్తున్నవి ఇవి.

ఒకటి: తాళంచెవి ఎన్నడూ ఒక్కరి దగ్గరే ఉండరాదు. కనీసం ముగ్గురు. రాసినవాడు తన మార్పును తానే ఆమోదించుకోకూడదు.

రెండు: ఆరునెలల పని చూశాకే హక్కు. ఉన్నవారిలో ఒకరు ప్రతిపాదించాలి, మూడింట రెండు వంతులు ఒప్పుకోవాలి. కాదంటే కారణం రాసి ఇవ్వాలి.

మూడు: కోడు రాయనివాళ్ళకి కూడా ఓటు. 2010లో డెబియన్, అనువాదాల వంటి పనులు చేసేవాళ్ళని పూర్తి సభ్యులుగా ఆహ్వానించింది. మా ప్రోగ్రాంకు పదకోశం కూర్చిపెట్టినది తెలుగు శాఖ విద్యార్థినులు. వాళ్ళకి ఇంతవరకు ఏ నిర్ణయంలోనూ మాట లేదు. ఇది సిగ్గుచేటు.

నాలుగు: ఏడాదిపాటు పని చెయ్యనివారు, కళాశాల వదిలినవారు నెల లోపల తాళంచెవి అప్పజెప్పాలి. వారి పేరు కృతజ్ఞతగా ఉంటుంది. మళ్ళీ వస్తే మళ్ళీ అడగవచ్చు.

అయిదు: ఒకే శాఖ వాళ్ళు సగానికి మించరాదు. తొలగించాలంటే ముందు వారి వాదన వినాలి.

ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని సామెత. ఎవరి వంతు ఏమిటో రాసుకోని ఉమ్మడికే ఆ గతి. ఈ సంచిక వెలువరిస్తున్న సంఘానికే ఒక నియమావళి ఉంది, పదవికి కాలపరిమితి ఉంది, లెక్కలు అప్పజెప్పే పద్ధతి ఉంది. నాలుగేళ్ళ మా శ్రమకు అంతపాటి మర్యాద ఎందుకు ఉండకూడదు?

అధ్యాపకులకు నా మనవి ఒక్కటే: ప్రాజెక్టుకు మార్కులు వేసేటప్పుడు, రచయితలు వెళ్ళిపోయాక దాన్ని ఎవరు చూస్తారని కూడా అడగండి. పూర్వ విద్యార్థుల్లో ఇలాంటి బృందాల్లో పనిచేసినవారు మా ముసాయిదా చదివి లోపాలు చెప్పండి. అది మా శాఖ నోటీసు బోర్డు మీద ఉంది. జూనియర్ మిత్రులారా, మీరు ముందు చదవండి. ఒప్పుకోని చోట గీత గీసి, పక్కన కారణం రాయండి. మేము వెళ్ళేలోగా ఓటుకు పెడదాం.