సేవ ఎంత కావాలో ఇంటికొచ్చి చూడాలి

తెలంగాణలోని తూప్రాన్ మీదుగా 44వ నంబర్ జాతీయ రహదారి పోతుంది. అలాంటి రోడ్డు మీద జరిగిన ప్రమాదంలో వెన్నుపూస దెబ్బతిని, నడుము కింద చచ్చుబడిన యువకుడికి నెలనెలా అందేది 4,016 రూపాయల ఆసరా పింఛన్. ఒక కాలు పోలియోతో సన్నబడినా సొంతంగా కిరాణా కొట్టు నడుపుకొనే వ్యక్తికీ అంతే. ఆ రెండో వ్యక్తికి ఇవ్వడం తప్పని ఎవరూ అనరు. కానీ మొదటి వ్యక్తికి స్నానం చేయించాలి, మలమూత్రాలు తీయాలి, పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. ఆ పని విలువ ప్రభుత్వ లెక్కల్లో ఎక్కడా కనిపించదు.

వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం శిబిరంలో డాక్టర్లు చూసేది అవయవ లోపం. సాధారణంగా అది 40 శాతం దాటితే పింఛన్ వస్తుంది. సదరం స్థానంలో యూడీఐడీ గుర్తింపు కార్డు వచ్చినా కొలత మారలేదు. 90 శాతం అని రాసిన కాగితం చూసి, ఆ మనిషికి రాత్రిపూట ఎన్నిసార్లు తోడు కావాలో ఎవరు చెప్పగలరు? ఆ తోడు ఎక్కువగా భార్యో, తల్లో, కోడలో. తూప్రాన్ దగ్గర్లోని కాళ్లకల్, మనోహరాబాద్ ఫ్యాక్టరీల్లో పనికి పోయే ఆడమనిషి ఇంట్లో ఒకరు మంచం పడితే ముందు మానుకునేది ఆ పనే. ఒక జీతం పోతుంది, ఖర్చు పెరుగుతుంది.

దీనికి చట్టంలో దారి ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 38వ సెక్షన్ ప్రకారం, అధిక సహాయం అవసరమైన వారు దరఖాస్తు చేసుకుంటే మదింపు బోర్డు పరిశీలించి, ఎలాంటి సహాయం కావాలో ధ్రువీకరించాలి. 24వ సెక్షన్ అలాంటి వారికి సంరక్షకుల భత్యం గురించీ చెబుతుంది. కేరళ ఈ చట్టం రాకముందే ‘ఆశ్వాసకిరణం’ పేరుతో సేవచేసేవారికి నెలనెలా డబ్బు ఇవ్వడం మొదలుపెట్టింది. మొత్తం చాలా చిన్నదే. కానీ సేవ చేయడమూ ఒక పనే అని ఒక ప్రభుత్వం ఒప్పుకుంది.

మదింపు ఎవరు చేయాలన్నది అసలు చిక్కు. పక్కనే ఉన్న ఆంధ్రప్రదేశ్ 2024 జులై నుంచి పూర్తిగా మంచానికే పరిమితమైన వారికి 15,000 రూపాయలు ఇస్తోంది. తెలంగాణ నేర్చుకోవాల్సిన మంచి నిర్ణయమది. 2025లో అక్కడ వైద్య బృందాలు ఇళ్లకే వెళ్లి ఆ పింఛన్లను తనిఖీ చేశాయి. ఇంటికి వెళ్లడం సరైన పద్ధతే. అయితే వెళ్లింది అనర్హులను ఏరివేయడానికి. దివ్యాంగ పింఛన్ల పునఃపరిశీలన తర్వాత రద్దు నోటీసులు అందడంతో ఆందోళనలు జరిగాయి, ప్రభుత్వం అప్పీలుకు అవకాశం ఇవ్వాల్సి వచ్చింది. డబ్బు మిగల్చాలనుకునే చేతిలోనే కొలబద్ద ఉంటే నిజంగా కదల్లేనివాడు కూడా సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వస్తుంది.

ఆ కొలబద్దను వేరే చేతికిచ్చిన దేశం జర్మనీ; అక్కడ 1995 నుంచి సంరక్షణ బీమా ఉంది. చెల్లించే బీమా నిధికి చెందని వైద్య సేవా సంస్థ మనిషి ఇంటికొచ్చి చూస్తుంది. 2017 నుంచి అక్కడ సంరక్షణ అవసరానికి ఐదు స్థాయిలు. మదింపు మార్కుల్లో 40 శాతం తినడం, స్నానం, బట్టలు వేసుకోవడం వంటి సొంత పనులవే. కదలికకు 10 శాతమే.

అంత పెద్ద యంత్రాంగం మన దగ్గర లేదన్న మాట నిజమే. అయినా శూన్యం నుంచి మొదలుపెట్టక్కర్లేదు. మంచం పట్టిన రోగుల ఇళ్లకు వెళ్లే ‘ఆలన’ పాలియేటివ్ బృందాలు తెలంగాణలో ఉన్నాయి. అలాంటి నర్సు, ఫిజియోథెరపిస్టు తూప్రాన్‌లో ఇంటికి వెళ్లి, సేవ చేసే మనిషినీ విడిగా అడిగి నివేదిక రాయాలి. పింఛన్ శాఖతో సంబంధం లేని జిల్లా బోర్డు దాని మీద నిర్ణయం చెప్పాలి. నిరాకరిస్తే కారణం తెలుగులో రాసివ్వాలి, అప్పీలు తేలేదాకా ఉన్న పింఛన్ ఆపకూడదు. మంజూరైన భత్యం సేవ చేస్తున్న వ్యక్తి ఖాతాలోనే పడాలి.